తకాహేని చూసి మన కలివి కోడి గుర్తొచ్చింది

ఎడిటర్ గారికి నమస్కారం.

మాది ప్రొద్దుటూరు. గవర్నమెంట్ హైస్కూల్లో సైన్స్ టీచర్‌గా చేసి రిటైర్ అయినా. ఇప్పుడు నేనూ మా ఆయనా న్యూజిలాండ్‌లో ఆక్లాండ్‌లో మా పాప దగ్గర ఉన్నాం, ఇంకో రెండు నెలలు ఉంటాం. పొద్దున్నే కాఫీ తాగుతా ఫోన్లో మీ ఈపేపర్ కడప ఎడిషన్ చదివే అలవాటు ఇక్కడికొచ్చినా పోలేదు. అక్టోబర్ మొదటి వారంలో వన్యప్రాణి వారోత్సవాల ఫోటో ఒకటి వేసినారు, పిల్లలు ప్లకార్డులు పట్టుకుని ర్యాలీ తీస్తాండారు. ఫోన్లో పెద్దది చేసి ఒక్కో ప్లకార్డూ చూసినా. పులి ఉంది, ఏనుగు ఉంది, ఆఫ్రికాలో ఉండే జిరాఫీ కూడా ఉంది. కానీ మన జిల్లా పిట్ట, మన జిల్లా పేరు ప్రపంచంలో పక్షుల శాస్త్రవేత్తలందరికీ తెలిసేలా చేసిన కలివి కోడి బొమ్మ మాత్రం ఒక్కటి కూడా లేదు. ఆ వారం చివర్లోనే మా పాప మమ్మల్ని ఒక దీవికి తీసుకుపోయింది, అక్కడ తకాహే అనే పిట్టని చూసిందీ ఈ ఫోటోలో చూసిందీ రెండూ కలిసి నాకు నిద్ర పట్టనీలేదు, అందుకే ఈ లెటర్ రాస్తున్నా. కొంచెం పొడుగైతే మన్నించండి.

ఆ దీవి పేరు టిరిటిరి మటాంగి. ఇక్కడోళ్లు ముద్దుగా టిరి అంటారు. ఆక్లాండ్ ఊరి మధ్యలోని రేవు నుంచి ఫెర్రీలో గంటకు పైనే పడుతుంది, దీవి మొత్తం కలిపినా 220 హెక్టార్లు, అంటే మన లెక్కన 540 ఎకరాలు, మన పక్క ఒక పెద్ద ఊరి పొలాలంత అంతే. పొద్దున పోయి సాయంత్రం ఫెర్రీకి తిరిగి రావాలి. అక్కడ హోటల్ లేదు, తినడానికి ఏమీ దొరకదు, చెత్తబుట్ట కూడా ఉండదు, మన చెత్త మనమే వెనక్కి తెచ్చుకోవాలి. నేను పొద్దున్నే లేచి పులిహోర కలిపి, మురుకులు కొన్ని ప్లాస్టిక్ కవర్లో ముడేసి సంచిలో పెట్టుకున్నా. మా పాప చూసి అమ్మా కవర్లు పనికిరావు, మూత గట్టిగా పడే డబ్బాల్లోనే పెట్టాలి అనింది. ఎందుకే అంటే ఎలుక దూరకూడదు, చీమ దూరకూడదు అనింది.

ఫెర్రీ ఎక్కే ముందు సంచులన్నీ ఖాళీ చేసి మళ్ళీ సర్దుకోమంటారు. సైడు జేబులు కూడా తిప్పి చూసుకోవాలి, బూట్ల అడుగు బ్రష్‌తో రుద్దుకోవాలి, సాక్సులకి గడ్డి గింజలు అంటుకోనుంటే ఏరేయాలి. నా సంచి సైడు జేబులో చెనక్కాయ పొట్టు, రెండు ధనియాలు దొరికినాయి, ఎప్పటివో ఏమో, బహుశా ప్రొద్దుటూరు నుంచే వచ్చినట్టున్నాయి! ఎయిర్‌పోర్టులో ఈ దేశం వాళ్లు ఎంత స్ట్రిక్టో మనవాళ్లకు తెలుసు, ఊరగాయ జాడీ దాచి తెచ్చి చెప్పకపోతే 400 డాలర్లు ఫైన్ కట్టాలని భయపడతా వస్తాం కదా. కానీ ఈ రేవు దగ్గర ఎవరూ గద్దించలేదు. అందరూ వాళ్లంతట వాళ్లే కింద కూర్చుని, ముసలోళ్లు కూడా వంగి, బూట్లు దులుపుకుంటున్నారు. మా ఆయనకి మోకాళ్ల నొప్పి, వంగలేరు, అప్పుడు ఎవరో తెలీని ఒక అబ్బాయి వచ్చి మీ బూట్లు నేను చూస్తా సార్ అని చూసి పెట్టినాడు.

ఇంత జాగ్రత్త దేనికో దీవికి పోయినాకే అర్థమైంది. ఈ దేశంలో మొదట్నుంచీ నేల మీద తిరిగే పాలిచ్చే జంతువు అంటూ ఏదీ లేదంట, గబ్బిలాలు తప్ప. పిల్లి లేదు, ముంగిస లేదు, ఎలుక లేదు. అందుకే ఇక్కడి పిట్టలు నేల మీద గూడు పెట్టుకోవడం, నడుచుకుంటా తిరగడం అలవాటు చేసుకున్నాయి, కొన్ని ఎగరడం కూడా మర్చిపోయినాయి. మనుషులు ఓడల్లో వచ్చినప్పుడు వాళ్లతోపాటే ఎలుకలూ వచ్చినాయి, ఆ తర్వాత పిల్లులు, స్టోట్ అని మన ముంగిస లాంటి ఒక జంతువు, ఇవన్నీ కలిసి గుడ్లూ పిల్లలూ తినేసినాయి. టిరి దీవిలో ఉన్న ఎలుకల్ని 1993లో హెలికాప్టర్ నుంచి మందు చల్లి పూర్తిగా లేకుండా చేసినారు. ఇది గైడ్ చెప్తుంటే మా మనవడికి ఎనిమిదేళ్లు, వాడు నా చెయ్యి లాగి అవ్వా అన్ని ఎలుకల్నీ చంపేసినారా, వినాయకుడి ఎలుక ఉంటే ఎట్లా అని అడిగినాడు. నాకు ఏం చెప్పాలో తోచలేదు, ఇప్పటికీ ఆ ప్రశ్న నా మనసులో అట్లనే ఉంది. గైడమ్మ మాత్రం వాడి పక్కన కూర్చుని, ఎలుక తప్పేం లేదు నాన్నా, దాన్ని ఇక్కడికి తెచ్చింది మనుషులే, మేం చేసిన తప్పు మేమే సరిచేసుకోవాల్సి వచ్చింది అనింది. ఆ మాట మా పాప వాడికి తెలుగులో మళ్ళీ చెప్పింది.

ఈ గైడమ్మ సంగతి మీకు చెప్పాలి. ఆమెకు జీతం లేదు, వాలంటీరు. ఈ దీవిలో గైడ్లుగా తిప్పేది వాలంటీర్లే, 1988లో జనమే ఒక సంఘంగా ఏర్పడి ఇప్పటిదాకా నడిపిస్తున్నారు. అంతకుముందు ఈ దీవి అంతా గొర్రెల మేత. నూరేళ్లకు పైగా మేపి మేపి అడవి అంతా పోయింది, లోయల్లో అక్కడక్కడా కాస్త, నూటికి ఆరు వంతులు మాత్రం మిగిలింది. 1971లో మేత ఆపేసినారు. ఆక్లాండ్ యూనివర్సిటీలో జాన్ క్రెయిగ్, నీల్ మిచెల్ అని ఇద్దరు ప్రొఫెసర్లు ఒక ఆలోచన చేసినారు, అడవిని గవర్నమెంటు ఒక్కటే పెంచడం కాదు, జనంతో నాటిద్దాం, కంచె వేసి జనాన్ని బయట పెట్టే బదులు జనాన్ని లోపలికి రానిద్దాం అని. దీవిలో లైట్‌హౌస్ ఉంది, 1864లో కట్టింది, దానికి ఆఖరి కాపలాదారు రే వాల్టర్ అనే ఆయన. లైట్‌హౌస్ ఆటోమేటిక్ అయిపోయి ఆయన ఉద్యోగానికి పని లేకుండా పోతే, ఆయనే అక్కడ నర్సరీ పెట్టి, ఎక్కువగా ఆ దీవిలో మిగిలిన చెట్ల విత్తనాలే ఏరి, మొక్కలు పెంచినాడు. 1984 నుంచి 1994 దాకా పదేళ్లు, పడవల నిండా జనం వచ్చి నాటుతానే ఉన్నారు, స్కూలు పిల్లలు, క్లబ్బుల వాళ్లు, రిటైరైన వాళ్లు, మొత్తం దాదాపు 2 లక్షల 80 వేల మొక్కలు.

మా గైడమ్మ కూడా అప్పుడు స్కూలు పిల్లగా వచ్చి నాటిందంట. నువ్వు నాటిన చెట్టు ఏదమ్మా చూపించు అని మా ఆయన అడిగినారు. నాకు తెలీదు సార్, ఆ రోజు గాలికి మొక్కలన్నీ పడిపోతాండె, పడవలో నాకు వాంతులు, ఎక్కడ నాటినానో కూడా గుర్తులేదు, ఈ కొండవాలులో ఏదో ఒకటి అనింది. మేం నిలబడిన చోట తల పైకెత్తితే ఆకాశం కనపడనంత నీడ.

దారిలో ఒక పెద్ద చెట్టు చూపించి దీని పేరు పురీరి అనింది. ఆకు చూస్తే వేళ్లు విప్పినట్టు ఐదు రెబ్బలు, నాకు ఎక్కడో చూసినట్టే ఉంది. బోర్డు మీద శాస్త్రీయ నామం చదివితే వైటెక్స్. మన వావిలి కూడా వైటెక్సే! బాలింతలకు స్నానం నీళ్లలో వేసే వావిలాకు, దాని అన్న లాంటి చెట్టు ఇంత దూరంలో, ఇంత లావు మానుతో నిలబడి ఉంది. ముప్పై ఏళ్లు బోటనీ చెప్పిన నాకు ఆ ఒక్క క్షణానికే టికెట్ డబ్బులు వచ్చేసినాయి అనిపించింది.

పిట్టల గురించి ఎంత రాసినా తక్కువే. బెల్‌బర్డ్ అని ఒకటి, చిన్న గుళ్లో చిన్న గంట కొట్టినట్టే కూస్తుంది, అది అడవంతా ఒకటే పాట. టియెకె అని నల్లటి పిట్ట, వీపు మీద గోధుమ రంగు జీను వేసినట్టు ఉంటుంది, ఒకప్పుడు దాని ఉత్తర జాతి ఒకే ఒక్క దీవిలో మిగిలింది, అక్కడ నుంచి 1964లో మొదలుపెట్టి దీవి దీవికీ పంచుకుంటా వచ్చినారు. హిహి అని ఇంకోటి, దానికి దారి పక్కన పంజరం లాంటి దాంట్లో చక్కెర నీళ్లు పెడతారు, చిన్న పిట్టలు మాత్రమే లోపలికి దూరేలా. ప్రతి హిహి కాలికీ రంగు రింగులు, ఏ రంగు ఏ కాలికి ఉందో చూసి ఇది ఫలానా పిట్ట, ఇది ఫలానా దాని కూతురు అని గైడమ్మ చెప్తాంటే, మన ఊర్లో పెద్దవాళ్లు నువ్వు ఎవరి బిడ్డవమ్మా అని అడిగి వంశం అంతా చెప్పినట్టే ఉంది. కివీ పిట్ట కూడా ఉంది గానీ అది రాత్రి తిరిగేది, పగలు పోయినోళ్లకి కనపడదు.

మధ్యాహ్నం లైట్‌హౌస్ దగ్గర గడ్డిలో కూర్చుని పులిహోర తింటాంటే పొద వెనక నుంచి నీలం రంగు కోడి లాంటిది నడుచుకుంటా వచ్చింది. మనవడు అవ్వా అవ్వా నీలం కోడి అని అరిచినాడు. మన చెరువుల్లో జమ్ములో తిరిగే నీలం నీటికోడి ఉంటుంది కదా, అచ్చం అదే, కానీ దానికి మూడు నాలుగింతల లావు, దాదాపు మూడు కిలోలు తూగుతుందంట, ఎర్రటి లావు ముక్కు, వీపు మీద ఆకుపచ్చ మెరుపు. నిజంగానే ఇది మన నీటికోడి జాతిదే. ఇదే తకాహే. ఎగరలేదు. గడ్డి పరక ముక్కుతో పీకి, కాలితో పట్టుకుని, మొదలు దగ్గర మెత్తటిది మాత్రం నమిలి మిగతాది పడేస్తాంది. మేం ఉన్నామని కూడా పట్టించుకోలా.

ఈ తకాహే కథ గైడమ్మ చెప్పింది. 1898లో ఒకటి దొరికింది, ఆ తర్వాత యాభై ఏళ్లు ఎవరికీ కనపడలా, అంతరించిపోయింది అని పుస్తకాల్లో రాసేసినారు. ఆర్బెల్ అని ఒక డాక్టరు మాత్రం నమ్మకం వదలకుండా దక్షిణాన మంచు కొండల్లో వెతికి 1948 నవంబర్‌లో దాన్ని మళ్ళీ కనిపెట్టినాడు. అప్పటినుంచి ఆ దేశమంతా దాన్ని బిడ్డలా పెంచుకుంటాంది, గుడ్లు పొదిగించి, సురక్షితమైన దీవులకు చేర్చి, టిరికి 1991లో తెచ్చి. ఇప్పుడు మొత్తం దాదాపు 500 అయినాయి.

ఎడిటర్ గారూ, ఇది వింటాంటే నా చేతిలో ముద్ద అట్లనే ఉండిపోయింది. ఎందుకంటే ఇదే కథ నాకు తెలుసు, నా క్లాసులో పిల్లలకు ఎన్నోసార్లు చెప్పినా. మన కలివి కోడి 1848లో శాస్త్రవేత్తలకు తెలిసింది, 1900లో అనంతపురం దగ్గర కనపడింది, ఆ తర్వాత ఎనభై ఏళ్లకు పైగా జాడ లేదు, అదీ అంతరించిపోయింది అనే రాసుకున్నారు. 1986 జనవరిలో మన కడప జిల్లాలోనే లంకమల అడవి దగ్గర మళ్ళీ దొరికింది. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ నుంచి భరత్ భూషణ్ అనే శాస్త్రవేత్త వచ్చి ఊరూరా పిట్ట బొమ్మ చూపించుకుంటా అడిగితే, ఐతన్న అనే మన పల్లె వేటగాడు అది నాకు తెలుసు సామీ అని, రాత్రి టార్చ్ వెలుగులో పట్టి చూపించినాడు. ప్రపంచానికి కనపడకుండా పోయిన పిట్ట, పొదల్లో తిరిగే ఆ మనిషికి కనపడతానే ఉండింది. ఆ తర్వాత లంకమలని అభయారణ్యం చేసినారు, తెలుగుగంగ కాలువ దారి కూడా ఈ పిట్ట కోసం మార్చాల్సొచ్చింది.

రెండు పిట్టలూ ఇంచుమించు ఒకే కాలంలో కనుమరుగైనాయి, రెండూ మళ్ళీ దొరికినాయి. ఒకటి నా పులిహోర డబ్బా పక్కన గడ్డి మేస్తాంది. ఇంకోదాని జాడ ఇప్పుడు దొరకడమే గగనం. ఆ తేడా చూసి నాకు ఏడుపు ఆగలేదు. మా పాప ఏందమ్మా అంటే ఏం చెప్పాలి.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఈ లెటర్ చదివి ఎవరైనా అయితే మనం కూడా లంకమలలో లక్షల మొక్కలు నాటుదాం అని బయలుదేరితే అది తప్పు అవుతుంది. కలివి కోడికి దట్టమైన అడవి పనికిరాదు. అక్కడక్కడా కలివి, రేగు లాంటి ముళ్ల పొదలు, మధ్యలో ఖాళీ నేల, చీకట్లో పరుగెత్తి పురుగుల్ని పట్టుకునే జాగా, అదీ దానికి కావాల్సింది. మనం బీడు, పనికిరాని నేల అనుకునేదే దానికి ఇల్లు. దాన్ని చదును చేసి తోటలు వేసినా పోతుంది, అట్లని మొక్కలు గుచ్చి దట్టంగా చేసినా పోతుంది. టిరి దీవిలో కూడా మొత్తం నాటలేదండీ, నూటికి దాదాపు అరవై వంతులు నాటి మిగతాది కావాలనే గడ్డిగా వదిలేసినారు, తకాహేకి గడ్డి కావాలి కాబట్టి. ఏ పిట్టకు ఏం కావాలో తెలుసుకున్నాకే పార పట్టుకున్నారు.

మన వాళ్లకు ప్రేమ లేదు అని నేను అనను. చిలమత్తూరు దగ్గర వీరాపురం పోయి చూడండి, ఊరి మధ్యలో చింతచెట్ల మీద పెద్ద కొంగలు ఎక్కడి నుంచో వచ్చి గూళ్లు పెడితే, రెట్ట పడినా వాసనొచ్చినా ఆ ఊరోళ్లు ఒక్క రాయి వెయ్యరు, పురిటికి పుట్టింటికొచ్చిన ఆడబిడ్డల్లా చూసుకుంటారు. ఏ ప్రొఫెసరూ చెప్పకుండానే వాళ్లు చేస్తాండారు. మరి అదే సీమలో నేను రిటైర్ కాకముందు పిల్లల్ని ఒక పక్షుల కేంద్రానికి ఎక్స్‌కర్షన్ తీసుకుపోతే అక్కడ పడవలో స్పీకర్ పెట్టి పాటలు, నీళ్లలో చిప్స్ కవర్లు, పిట్టలు లేచిపోతాంటే అవి ఎగిరితే ఫోటో బాగొస్తాదని చప్పట్లు కొట్టే పెద్దవాళ్లు. నా పిల్లలు కూడా చప్పట్లు కొట్టినారు, నేను ఆపలేకపోయినా. ఆ రోజు నుంచి నాకు అనిపించేది ఒకటే, పిల్లలకు ర్యాలీలో ప్లకార్డు ఇస్తాం గానీ చెయ్యడానికి పని ఇవ్వం. ఒక పని ఇచ్చి చూడండి, వాళ్లే మనల్ని ఆపుతారు. టిరిలో మా మనవడు సాయంత్రం ఫెర్రీ దిగినాక కూడా వాళ్ల తాత బూట్లు తిప్పి చూస్తాండాడు, ఏమన్నా అంటుకుందా అని.

సిద్ధవటం, బద్వేలు, అట్లూరు వైపు స్కూళ్లలో కలివి కోడి కోసం పిల్లలకు ఏదన్నా పని ఇవ్వొచ్చు. రాత్రి అడవిలోకి పంపమని కాదు. ఆ పిట్ట పొద్దు కుంకి చీకటి పడే వేళ కొద్దిసేపే కూస్తుంది, శాస్త్రవేత్తలు దాని కూత రికార్డు చేసి ఉన్నారు. ఆ రికార్డు స్కూల్లో వినిపిస్తే పిల్లలు ఇంటికి పోయి వాళ్ల నాయనని, తాతని అడుగుతారు, గొర్రెలు తోలుకుని రోజూ ఆ వేళకే ఆ పొదల్లో నుంచి ఇంటికొచ్చేది వాళ్లే కదా. అయితే విన్న చోటు వెంటనే ఫారెస్ట్ వాళ్లకు మాత్రమే చెప్పాలి, ఫేస్‌బుక్‌లో పెట్టకూడదు, పెడితే కార్లేసుకుని కెమెరాలతో వచ్చి తొక్కేస్తారు, ఇది కూడా పిల్లలకు నేర్పాలి. ఆ పల్లెల వాళ్లకే కాపలా పని ఇవ్వాలి, జీతంతో. టిరిలో వాలంటీర్లు ఉన్నారు గదా ఊరికే చెయ్యమనడం న్యాయం కాదు, అక్కడ ఊరికే చేసేవాళ్లు పెన్షన్ వచ్చే వాళ్లు, మన గొర్రెల కాపరికి రోజు కూలి పోతే పొయ్యి వెలగదు.

మిమ్మల్ని అడిగేది ఒకటుంది. ఐతన్న లాగా ఆ పిట్టని కళ్లతో చూసిన పెద్దవాళ్లు ఆ పల్లెల్లో ఇంకా ఉంటారు, వాళ్లంతా ముసలివాళ్లయిపోయినారు. మీ రిపోర్టర్‌ని ఒకర్ని పంపించి, రాత్రిపూట వాళ్లు దాన్ని ఎట్లా గుర్తుపట్టేవాళ్లు, ఏ నెలలో కనపడేది, ఎట్లాంటి నేల మీద, వాళ్లు దాన్ని ఏమని పిలిచేవాళ్లు, ఇవన్నీ వాళ్ల మాటల్లోనే రాయించి వెయ్యండి, చోటు పేరు మాత్రం వెయ్యొద్దు. నేను జనవరికి ఊరికొస్తా. రిపోర్టర్‌కి తోడు కావాలంటే నేనూ వస్తా, ఆ పక్క పల్లెల్లో నా దగ్గర చదువుకున్న పిల్లలు ఉన్నారు, ఇల్లిల్లూ వాళ్లు చూపిస్తారు.

ఇట్లు,
రిటైర్డ్ సైన్స్ టీచర్,
ప్రొద్దుటూరు (ప్రస్తుతం ఆక్లాండ్)